వేణ్ణీళ్ళ లెక్క

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అని సామెత. ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళు ఏనాడూ పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊది ఉండరని నా గట్టి నమ్మకం. తోడుకి వచ్చిన చన్నీళ్ళ గురించి చెప్పారు, బాగానే ఉంది. అసలా వేణ్ణీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయన్న మాట సామెతలో ఎక్కడా లేదు. అవి ఎప్పుడూ ఉన్నట్టే లెక్క. తెల్లవారేసరికి తూర్పున సూర్యుడు వచ్చినట్టు, స్నానాలగదిలో బకెట్టు నిండా వేణ్ణీళ్ళు వచ్చి కూర్చుంటాయి కాబోలు!

"నీళ్ళు తోడావా?" అంటూ తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేవారే తప్ప, "నీళ్ళు ఎలా కాగాయి?" అని అడిగిన మగమహారాజుని నేనైతే చూడలేదు. మీరు చూసి ఉంటే అదృష్టవంతులు.

మా చిన్నప్పుడు ఇంట్లో రాగి బాయిలరు ఉండేది. మధ్యన గొట్టం, గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు. పైనుంచి ఒక చెంబుడు చన్నీళ్ళు పోస్తే కింద కుళాయిలోంచి ఒక చెంబుడు వేణ్ణీళ్ళు. పిల్లలకి అదొక వింత. ఆ వింత వెనక నాలుగున్నరకే లేచి బొగ్గులు రాజేసే అమ్మ ఉండేది. పండగ ముందు దాన్ని చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేది కూడా అమ్మే. బాయిలరు లేని ఇళ్ళల్లో పెరటి పొయ్యి మీద కాగు. మా పక్కింటివారిది రంపపు పొట్టు పొయ్యి. అందులో పొట్టు కూరడం ఒక విద్య. నడుమ ఒక సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగెయ్యాలి. చెయ్యి వణికిందా, పొట్టంతా కూలిపోయేది. మళ్ళీ మొదటికి.

తర్వాత హీటరు రాడ్లు వచ్చాయి, గీజర్లు వచ్చాయి. పొగ పోయింది, మసి పోయింది. మహా సంతోషం. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆ పాత రోజులు మళ్ళీ రావాలని కోరుకునేంత వెర్రిదాన్ని కాదు. అయితే పొగతో పాటు ఇంకోటి కూడా పోయింది. పొగ ఉన్నన్నాళ్ళూ, "అయ్యో, కళ్ళు ఎర్రబడ్డాయే" అని ఇంట్లో ఎవరో ఒకరు అనేవారు. ఇప్పుడు, "స్విచ్చి వెయ్యడానికేం భాగ్యం?" అంటున్నారు. వేణ్ణీళ్ళు మరీ చవకైపోయాయి. అవెంత ఖరీదైనవో తెలియాలంటే, స్విచ్చి వేసినా కరెంటు రాని రోజు ఒకటి రావాలి. లేదా, చేతిలో చిన్న బ్యాటరీ సెల్లు పట్టుకుని పిల్లలెవరో ఒక ప్రశ్న అడగాలి.

ఆ ప్రశ్న మా అక్కయ్య మనవరాలు అడిగింది. ఆరో తరగతి. బళ్ళో సైన్సు ప్రదర్శనకి ఏదో ఒకటి తయారుచేసుకు రమ్మన్నారట.

"చిన్నమ్మమ్మా, నేను సెల్లులతో నడిచే వాటర్ హీటరు చేస్తాను. కరెంటు పోయినా అందరికీ వేడినీళ్ళు!" అంది.

దాని వాదన చూడండి, ఎంత సబబుగా ఉందో. టీవీ రిమోట్ సెల్లుతో నడుస్తోంది. గోడగడియారం సెల్లుతో నడుస్తోంది. బొమ్మకారు గదంతా పరుగెడుతోంది. వీధిలో స్కూటర్లే బ్యాటరీతో తిరుగుతున్నాయి. ఇన్ని పనులు చేసేది బకెట్టుడు నీళ్ళు కాచలేదా? పైగా నీళ్ళు కాగడమంటే కదలక్కర్లేదు, మెదలక్కర్లేదు, కూర్చున్నచోట కూర్చుని వెచ్చబడటమేగా!

కాగితం, పెన్సిలు తెమ్మన్నాను.

కరెంటు బిల్లు మీద యూనిట్లని ఉంటాయి కదా. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. మన రిమోట్‌లో వేసే వేలెడంత సెల్లు, మంచిరకం ఆల్కలైన్‌దే అనుకుందాం, దాని పొట్టలో ఉండే శక్తి సుమారు మూడు వాట్ అవర్లు. అంటే ఒక్క యూనిట్‌కి 333 సెల్లులు కావాలి. సెల్లు పది రూపాయలనే అనుకున్నా, ఒక యూనిట్ కరెంటు 3,330 రూపాయలు పడిందన్నమాట. బంగారం కొట్టులో తూకం వేసి అమ్మాల్సిన కరెంటు!

ఇక బకెట్టు సంగతి. పదిహేను లీటర్ల నీళ్ళు. చలికాలం పొద్దున ట్యాంకులో నీళ్ళు 20 డిగ్రీలుంటే, ఒంటికి హాయిగా ఉండటానికి 41 దాకా కాచాలి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వెచ్చబెట్టడానికి ఒక క్యాలరీ వేడి కావాలి. పదిహేను వేల గ్రాములు, ఇరవై ఒక్క డిగ్రీలు. మూడు లక్షల పదిహేను వేల క్యాలరీలు. యూనిట్లలోకి మారిస్తే 0.366. పదిహేనువందల వాట్ల రాడ్డయితే పావుగంట పని. చిన్న సెల్లులైతే 122.

"నూట ఇరవై రెండా!" అని పిల్ల నోరు తెరిచింది.

అదైనా సెల్లు తన ప్రాణమంతా నీళ్ళకే ధారపోస్తే. అది ధారపొయ్యదు. సెల్లు లోపల కూడా కరెంటుకి కొంత అడ్డు ఉంటుంది. గడియారంలా కొంచెం కొంచెం తీసుకుంటే ఆ అడ్డు లెక్కలోకి రాదు. హీటరులా ఒక్కసారిగా లాగితే, పుట్టిన వేడిలో పెద్ద వాటా నీళ్ళలో కాక సెల్లులోనే పుడుతుంది. నీళ్ళు చల్లగా, సెల్లులు వెచ్చగా! సగం శక్తి దక్కితే గొప్ప. అప్పుడు రెండువందల యాభై సెల్లులు దగ్గర పెట్టుకోవాలి, ఒక్కరి స్నానానికి.

"మరి గడియారం ఏడాది పొడుగునా ఎలా నడుస్తుంది?" అంది పిల్ల.

అసలు రహస్యం అక్కడే ఉంది. ముల్లుని ఒక్క అడుగు కదపడానికి ఎంత బలం కావాలి? రిమోట్ చేసేది సైగ. సైగ చెయ్యడానికి ఒంట్లో బలం అక్కర్లేదు. సెల్లు అలాంటి నాజూకు పనులకి పుట్టింది. ఏడాదిపాటు గడియారాన్ని నడిపించగల ఆ సెల్లుని నీళ్ళు కాచమంటే, ఒక్క గ్లాసుడు నీళ్ళని గోరువెచ్చన చేసి ప్రాణం విడుస్తుంది. 13 డిగ్రీలకి మించి పెంచలేదు. కాఫీకి కాదు కదా, గొంతునొప్పికి పుక్కిలించడానికైనా చాలీచాలని వెచ్చదనం.

అదే శక్తి వంటగ్యాసులో ఎంతుందో తెలుసా? పావు గ్రాములో! కట్టెలో అయితే పది అగ్గిపుల్లలు, అటూ ఇటూగా. అగ్గిపెట్టె తీసి పది పుల్లలు లెక్కపెట్టి సెల్లు పక్కన పెట్టాను. పిల్ల చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది.

స్కూటరు సంగతేమిటంటారా? దాని బ్యాటరీ పెద్దది, మూడు యూనిట్లు పట్టేదనుకోండి. దాంతో వంద కిలోమీటర్లు తిరగొచ్చు, లేదా ఎనిమిది బకెట్ల నీళ్ళు కాచుకోవచ్చు. అంటే ఒక్క బకెట్టు వేణ్ణీళ్ళు పన్నెండు కిలోమీటర్ల స్కూటరు ప్రయాణంతో సమానం. మనం ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళే కరెంటుని, పది చెంబులతో ఒంటి మీద పోసేసుకుని తలుపు తీసుకుని వచ్చేస్తున్నాం.

పిల్లకి ఈ లెక్క సరదాగా ఉంది. అయితే ఇదే పరీక్ష ఇదివరకు ఒకసారి మా ఇంట్లో సరదాగా కాకుండా జరిగింది. అప్పుడీ పిల్ల చీర ఉయ్యాల్లో పద్ధెనిమిది రోజుల పసిగుడ్డు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడిన రోజు. మా అక్కయ్య వాళ్ళది అక్కడే, అపార్టుమెంటులో మూడో అంతస్తు. కూతురు పురిటికి వచ్చింది, సాయానికి నేను వెళ్ళాను. ఆ గాలి గురించి వినడమే గానీ అనుభవిస్తే తెలుస్తుంది. గంటకి 180 కిలోమీటర్ల గాలి. కిటికీ అద్దాలు పగిలి హాల్లోకి వచ్చి పడ్డాయి. పిల్లనీ తల్లినీ తీసుకుని లోపలి గదిలో, బీరువాకీ గోడకీ మధ్య కూర్చున్నాం. సాయంత్రానికి గాలి తగ్గి బాల్కనీలోకి వస్తే, వీధి కనిపించలేదు. వీధి నిండా చెట్లు. నిలబడి ఉన్న చెట్టు ఒక్కటీ లేదు.

కరెంటు పోయింది. ఫోన్లు మూగపోయాయి. మోటారు నడవదు కనక ట్యాంకులో నీళ్ళు లేవు. పక్కసందులో చేతిబోరింగు ఒకటుంటే అక్కణ్ణుంచి మోసుకురావాలి. ఉన్న గ్యాసుబండ మూడోరోజుకి నిండుకుంది. రెండోది రావాలంటే రోడ్ల మీది చెట్లు తియ్యాలి.

పిల్ల రెండు కిలోలకి కాస్త ఎక్కువ. "ఒళ్ళు చల్లబడనివ్వకండి, వెచ్చటి నీళ్ళతో తుడవండి. ఉగ్గుగిన్నె, చెంచా మరిగే నీళ్ళలో వేసి తియ్యండి" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. తుఫాను తర్వాత ఊళ్ళో ఏ నీళ్ళని నమ్మాలో తెలియని రోజులవి. కాచని నీళ్ళు తల్లి నోట్లో కూడా పొయ్యనివ్వకూడదు. అక్కయ్య మొహం చూస్తే నాకు భయం వేసింది. నెల దాటని పసిపిల్ల, పచ్చి బాలింత, ఇంట్లో వేణ్ణీళ్ళు లేవు. మామూలు రోజుల్లో వినడానికి చిన్న మాటే. ఆ రోజు మా ఇంట్లో అంతకన్నా పెద్దమాట లేదు.

అప్పుడు రంగంలోకి దిగాడు, కొత్తగా మేనమామ హోదా వచ్చిన మా అక్కయ్య కొడుకు. సివిలింజనీరింగు రెండో సంవత్సరం. "ఇంట్లో సెల్లులెన్నున్నాయి?" అన్నాడు. పొడుగు టార్చిలో మూడు, రేడియోలో నాలుగు, రెండు రిమోట్లలో రెండేసి, గడియారంలో ఒకటి. మొత్తం పన్నెండు. అన్నిటినీ తల నుంచి తోకకి వరసగా పేర్చి, దినపత్రిక గొట్టంలా చుట్టి, అంటుకునే టేపు వేసి, రెండు వైర్లు తీసి హీటరు రాడ్డుకి కలిపాడు. మేమంతా బకెట్టు చుట్టూ యాగం చూస్తున్నట్టు కూర్చున్నాం.

పన్నెండు సెల్లులూ కలిస్తే 18 వోల్టులు. ఆ రాడ్డు 230 వోల్టులకి పుట్టింది. లోపల నిక్రోమ్ తీగ చుట్ట ఉంటుంది. నిక్కెలూ క్రోమియమూ కలిసిన లోహం. ఆల్బర్ట్ మార్ష్ అనే అమెరికా ఆయన 1905 ప్రాంతంలో కనిపెట్టాడు. ఎర్రగా కాలినా త్వరగా తుప్పు పట్టదు, తెగదు. ఈనాటికీ మన ఇస్త్రీపెట్టెలూ రొట్టె కాల్చే పెట్టెలూ అలాంటి తీగల చలవే. అయితే ఆ తీగకి అంత వోల్టేజీ అందితేనే 1,500 వాట్ల వేడి. వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, పావు అవుతుంది. పదమూడో వంతుకి దిగిందా, వేడి నూట అరవయ్యో వంతుకి పడిపోతుంది. అంటే పన్నెండు సెల్లుల దండకి దక్కేది తొమ్మిది వాట్లు. చిన్న ఎల్‌ఈడీ బల్బంత! ఆ లెక్కన బకెట్టు నీళ్ళు ఒక్క డిగ్రీ ఎక్కాలంటే దాదాపు రెండు గంటలు. అదీ, ఎక్కిన వేడి ఎక్కినట్టే గాలిలో కలిసిపోకుండా ఉంటే.

గంట గడిచింది. అక్కయ్య వేలు పెట్టి చూసింది. నేను చూశాను. బాలింత కూడా మంచం మీంచి చెయ్యి చాపి చూసింది. నీళ్ళు బోరింగులోంచి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఈలోగా రిమోట్ సెల్లులు ముందుగా చేతులెత్తేశాయి. దండలో ఒకటి నీరసిస్తే మిగతావాటికీ అదే గతి. ఆ రాత్రి పిల్ల ఏడిస్తే టార్చి వేశాం. మిణుగురు పురుగు నయం. బావగారు చీకట్లోంచి, "నీళ్ళు కాగకపోతే కాగకపోయాయి, ఉన్న దీపం కూడా ఆరిపోయిందిరా అబ్బాయ్" అన్నారు. వాడు పాపం ఏమీ మాట్లాడలేదు. మేనకోడలి కోసం ఏదో ఒకటి చెయ్యాలని వాడి తాపత్రయం. ఉన్నచోట ఉన్నదాంతో ప్రయత్నించినవాణ్ణి తప్పు పట్టడానికి మనసొప్పలేదు.

మర్నాడు పొద్దున వాచ్‌మన్ భార్య పైకి వచ్చింది. శ్రీకాకుళం మనిషి. మెట్ల పక్కన ఉన్న వాళ్ళ గదిలోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చి బట్టలూ బియ్యమూ తడిసిపోయాయి. గదిలో నీళ్ళు ఎత్తిపోసుకుంటూ మా సంగతి వింది.

"బేటరీల్తో నీల్లు కాగుతాయేటి బాబూ!" అని నవ్వింది. వీధి నిండా కట్టెలే, కాని అన్నీ పచ్చివి, పైగా తడిసినవి. ఆవిడ ఎప్పుడో ముందుచూపుగా కొబ్బరిచిప్పలూ డొక్కలూ గోనెసంచిలో నింపి మెట్ల కింద ఎత్తుమీద పెట్టుకుంది. మూడు ఇటుకలు పెట్టి, చిప్పలు రాజేసి, డేగిసాలో నీళ్ళు మరిగించింది. మసిగుడ్డతో పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి మా గుమ్మంలో దించింది. దించి, ఆయాసం తీర్చుకుని, "సల్లార్సుకుని వాడండమ్మా, పిల్లకి ఏడి తగిలీగల్దు" అంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గ్యాసుబండ వచ్చేదాకా అయిదు రోజులు అలాగే.

ఇరవై ఒకటో రోజు బారసాల. చుట్టాలెవరూ రాలేకపోయారు. ఆవిడనే పీట మీద కూర్చోబెట్టి అక్కయ్య బొట్టుపెట్టి చీర పెట్టింది. ఉయ్యాల్లో పిల్లని ముందు ఆవిడ చేతే వేయించింది.

మెట్లెక్కేటప్పుడు ఆవిడ ఆయాసం నా చెవుల్లో చాలాకాలం ఉండిపోయింది. నీళ్ళు మోసిన కష్టమూ నీళ్ళు కాచిన కష్టమూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎలా ఉంటుందని తర్వాతెప్పుడో అనుమానం వచ్చింది. ఈ రెండిటికీ పొంతన ఎలా కుదురుతుందనుకోకండి. కుదిర్చినాయన ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర బీరు కాచే కుటుంబంలో పుట్టిన జేమ్స్ జూల్. 1845లో ఆయన చేసిన పని మన ఆడవాళ్ళకి చెబితే చటుక్కున అర్థమవుతుంది. ఆయన నీళ్ళని చిలికాడు! పాత్రలో నీళ్ళు పోసి, అందులో కవ్వం లాంటి రెక్కలు పెట్టి, బరువులు కిందికి జారుతూ ఉంటే ఆ రెక్కలు తిరిగే ఏర్పాటు చేశాడు. అలా చిలికితే నీళ్ళు ఎంత వెచ్చబడ్డాయో కొలిచాడు. మన అమ్మమ్మలు వెన్న కోసం చిలికారు, ఆయన వేడి కోసం చిలికాడు. 1847లో ఆయనకి పెళ్ళయింది. కొత్త పెళ్ళాంతో ఆల్ప్స్ కొండలకి విహారం వెళుతూ కూడా థర్మామీటరు వెంట తీసుకెళ్ళాడట, జలపాతం పైన నీళ్ళకన్నా కింద నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో చూద్దామని! ఈ ముచ్చట కెల్విన్ ప్రభువు తర్వాతి రోజుల్లో చెప్పాడు. ఆ కొత్త పెళ్ళికూతురు ఏమనుకుందో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఆయన తేల్చిన లెక్క ప్రకారం, నీళ్ళని ఒక్క డిగ్రీ వెచ్చబెట్టడానికి పట్టే శక్తితో అవే నీళ్ళని 427 మీటర్ల ఎత్తుకి ఎత్తొచ్చు. మూడో అంతస్తంటే పది మీటర్లు. కాబట్టి బకెట్టు మోసుకుని అక్కడిదాకా ఎక్కితే, నీళ్ళని ఎత్తడానికి అయిన ఆ పనంతా వేడిగా మారినా నీళ్ళు ఒక డిగ్రీలో నలభయ్యో వంతు కూడా వెచ్చబడవు. మరి ఇరవై ఒక్క డిగ్రీలు కాగాలంటే? 427ని ఇరవై ఒకటితో హెచ్చవేసి చూడండి. 8,967 మీటర్లు. ఎవరెస్టు శిఖరం ఎత్తు 8,849.

అదండీ సంగతి. ఒక్క బకెట్టు నీళ్ళు స్నానానికి కాచడమంటే, ఆ బకెట్టుని సముద్రమట్టం నుంచి ఎవరెస్టు శిఖరం మీదికెత్తి, ఇంకో వంద మీటర్లు గాల్లోకి లేపడంతో సమానం. టెన్సింగూ హిల్లరీ 1953లో ఒక్కసారి ఎక్కితే ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆరుగురున్న ఇంట్లో రోజూ తెల్లవారకుండానే ఆరు బకెట్లు ఎక్కుతుండేవి.

ఎత్తింది ఆడది కాదు, కట్టె కదా అనొచ్చు. నిజమే, శక్తి కట్టెది. కాని ఆ కట్టె నడిచి రాలేదు. కొట్టి, మోసి, ఎండబెట్టి, వానలో తడవకుండా దాచి, రాజెయ్యాలి. కట్టెపొయ్యి వేడిలో పదింట తొమ్మిది వంతులు గాలిపాలే కనక ఒక బకెట్టుకి కిలో దాకా కట్టె కాలాలి. ఆ పొగ పీల్చాలి. మెట్ల కింద కొబ్బరిచిప్పలు దాచిపెట్టుకున్న బుద్ధి ఉందే, అది ఏ సెల్లులోనూ దొరకదు.

ఈ లెక్కల వల్ల ఉపయోగమేమిటంటారా? ఉంది. తుఫాను అంటేనో, కరెంటు కోత అంటేనో, "ఇన్వర్టరు ఉందిగా" అని మగపిల్లలు ధీమాగా అంటారు. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టరు బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లుంటుంది. ఫ్యాన్లకీ లైట్లకీ అది బంగారం. అయితే మన ఇళ్ళల్లో ఉండే మామూలు ఇన్వర్టరు ఎనిమిది, తొమ్మిదివందల వాట్ల పైన మొయ్యలేదు. పదిహేనువందల రాడ్డు తగిలిస్తే కీచుమని అరిచి ఆగిపోతుంది. ఫోన్లకి పెట్టుకునే పవర్ బ్యాంకులో, పదివేలని రాసున్నదాంట్లో, 37 వాట్ అవర్లుంటాయి. ఒక గ్లాసుడు నీళ్ళు మరగడానికి 16 చాలు కదా అని ఆశపడకండి. అది మామూలుగా ఇచ్చేది పది వాట్లు. గంటన్నర పైన కాచాలి, ఈలోగా కాగినంతా చల్లారుతూనే ఉంటుంది. బ్యాటరీ కప్పులని అమ్మేవి కూడా చాలామటుకు కాఫీ చల్లారకుండా చూసేవే గానీ కాచేవి కావు. పాత ల్యాప్‌టాప్ లిథియం సెల్లులు ఊడదీసి తీగలు చుట్టడం లాంటివి పిల్లల్ని అస్సలు చెయ్యనివ్వకండి. వాటి మీద మితిమీరిన బరువు పెడితే నిప్పంటుకుంటుంది.

వేడిని పుట్టించడం కష్టం. దాచుకోవడం మాత్రం తేలికే. జేమ్స్ డ్యువర్ అనే శాస్త్రజ్ఞుడు 1892లో, అతి చల్లని ద్రవాలు వేడెక్కకుండా ఉండటానికి రెండు పొరల సీసా చేశాడు. మధ్యలో గాలి తీసేస్తే వేడి లోపలికి రాదు, బయటికీ పోదు. మన ఫ్లాస్కు అదే. తుఫాను హెచ్చరిక వినగానే కొవ్వొత్తులతో పాటు రెండు ఫ్లాస్కుల నిండా మరిగిన నీళ్ళు నింపుకోండి. ఇంట్లో పసిపిల్లో, బాలింతో, మంచాన పడ్డ పెద్దవారో ఉంటే మరీను. నూట ఇరవై సెల్లులు చెయ్యలేని పని ఆ రెండు ఫ్లాస్కులు చేస్తాయి. రాడ్డు వాడేవారు స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసిన తర్వాతే నీళ్ళలో వేలు పెట్టండి. గ్యాసు గీజరున్న స్నానాలగదికి గాలి ఆడే కిటికీ తప్పనిసరి. ఆ గాలిలో చేరే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు.

మా మనవరాలు ప్రదర్శనకి హీటరు చెయ్యలేదు. ఒక అట్ట మీద ఒక సెల్లూ, పక్కన పది అగ్గిపుల్లలూ అతికించి, "రెండూ ఒకటే" అని రాసింది. కింద బకెట్టు బొమ్మ వేసి, పక్కన 122 గీతలు గీసింది. బహుమతి రాకెట్టు చేసిన అబ్బాయికి వచ్చింది. అయితే పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మలు మాత్రం ఆ అట్ట దగ్గర ఆగి, గీతలన్నీ లెక్కపెట్టి మరీ వెళ్ళారట.

ఈ లెక్కలన్నీ మావారికి చదివి వినిపించాను. పేపరు మడిచి శ్రద్ధగా విన్నారు. "అయితే నేను రోజూ ఎవరెస్టంత స్నానం చేస్తున్నానన్నమాట!" అని తెగ మురిసిపోయారు.

"మీరు చేసేది స్నానమండీ. ఎవరెస్టు ఎక్కేది వేరేవాళ్ళు" అన్నాను.

ఏమనుకున్నారో ఏమో, మర్నాడు నాకన్నా ముందే లేచి గీజరు స్విచ్చి వేశారు. వేసి వంటింటి గుమ్మంలోకి వచ్చి, టెన్సింగులా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"కాఫీ ఏదీ?" అన్నారు.